చెవులు వినపడని పిల్లలకు కాలేజీ సైన్సు – సైగలే దారి

మగ్గాల ఖాతాలో పని చేసినోళ్ళకు ఒక సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. నలభై యాభై సాంచాలు ఒక్కసారి కొట్టుకుంటుంటే పక్కన నిలబడ్డ మనిషి మాట చెవికి రాదు. అయినా పని ఆగదు. పోగు తెగిందంటే రెండు చూపుడువేళ్ళు కలిపి విడదీసేది. కండె అయిపోయిందంటే మణికట్టు తిప్పేది. జాబర్ వస్తున్నాడంటే మీసం మీద చెయ్యి. సాయంత్రం సిన్మాకు పోదామా అని నాలుగో సాంచా కాడి నుంచి పన్నెండో సాంచా కాడికి అడిగి, జవాబు కూడా తెచ్చుకున్నోళ్ళం మనం. ఇంగ్లాండులో లాంకషైర్ మిల్లుల ఆడవాళ్ళు కూడా ఇట్లాగే పెదవులు పెద్దగా కదిలిస్తూ, చేతులు తిప్పుతూ మాట్లాడుకునేవాళ్ళు. కెనడాలో కట్టె కోత మిల్లుల కార్మికులు పెట్టుకున్న సైగలను 1970లలో పరిశోధకులు పోగుచేసి అచ్చు వేశారు. కాబట్టి చేతులతో మాట్లాడడం అంటే మన జనానికి నవ్వులాట కాదు.

ఈ సంగతి ఇప్పుడు ఎందుకు ఎత్తానంటే, మా వాడలో పుట్టు చెవుడు ఉన్న ఒక ఆడపిల్ల బీఎస్సీ మొదటి సంవత్సరం చదువుతోంది. తల్లి బీడీలు చుడుతుంది, తండ్రి టవల్ కార్ఖానాలో రాత్రి పాళీ. ఆ పిల్ల కాలేజీలో పడే పాట్లు చూసి, "దీనికి సైన్సు ఎందుకమ్మా, కుట్టుమిషను కొనిస్తే అయిపోవు గదా" అని మనోళ్ళే తల్లి మొహం మీద అంటున్నారు. నాకు మనసు ఊరుకోలేదు. మా మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని ఇంగ్లీషులో ఉన్నవి చదివించుకున్నాను. బధిరుల స్కూల్లో పని చేసి రిటైరైన ఒక మాస్టారు దగ్గరికి పోయి రెండు పూటలు కూర్చున్నాను. ఆ పిల్లను కూడా అడిగాను, వాళ్ళ చెల్లెలు మధ్యన ఉండి చేతులతో చెప్పింది. తెలిసింది ఇక్కడ పెడుతున్నా.

మొదట ఒక పొరపాటు లెక్క తీసేయాలి. మన మగ్గాల ఖాతా సైగలు, బధిరుల సైగ భాష ఒకటి కావు. మనది పని కోసం పుట్టింది. తాన్ల లెక్క, పాళీ టైము, జాబర్ మీద ఎగతాళి దాటి పోలేదు. వాళ్ళది పూర్తి భాష. దానికి వ్యాకరణం ఉంది. జరిగింది, జరగబోయేది, ఒకవేళ జరిగితే అన్నవి చెప్పే పద్ధతి ఉంది. అందులో కొట్లాట, కవిత్వం, చాడీలు అన్నీ ఉన్నాయి. ఈ మాట పండితులకు తెలియడానికే చాలా కాలం పట్టింది. అమెరికాలో గాలొడెట్ అనే బధిరుల విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ ఇంగ్లీషు చెప్పే విలియం స్టోకీ అనే మాస్టారు 1960లో, ఇవి ఊరికే చేతులు ఊపడం కాదు, దీనికి భాషకుండే కట్టుబాటు అంతా ఉంది అని రాసి చూపించాడు. అప్పుడు తోటి మాస్టర్లే ఆయన మాట పట్టించుకోలేదు.

మన దేశంలో ఆ పని 1970ల చివర జరిగింది. మదన్ వసిష్ఠ అని హిమాచల్ వైపు పల్లెలో పుట్టిన మనిషి. పదకొండేళ్ళప్పుడు వినికిడి పోయింది. తర్వాత అమెరికా వెళ్ళి గాలొడెట్‌లో చదివాడు. ఆయనా, ఇంకో ఇద్దరు అమెరికా పరిశోధకులూ కలిసి ఢిల్లీ, కలకత్తా, బొంబాయి, బెంగళూరు తిరిగి బధిరుల సైగలు పోగుచేశారు. కొన్ని మాటలకు ఊరూరికీ సైగ వేరు, కానీ కట్టు ఒకటే అని తేల్చారు. ఇది మనకు బాగా అర్థమయ్యే సంగతి. షోలాపూర్‌లో మనం పిల్లగాడు అంటే యానాంలో కుర్రోడు అంటారు. అంతమాత్రాన అది వేరే భాష అయిపోదు.

మరి ఇంత భాష ఉండి కాలేజీలో సైన్సు ఎందుకు అందట్లేదు?

మొదటిది, పెదవులు చూసి అర్థం చేసుకుంటారులే అనే భ్రమ. పెద్ద చదువులు చదివినోళ్ళకు కూడా ఈ భ్రమ ఉంది. అద్దం ముందు నిలబడి గొంతు ఎత్తకుండా పాలు, బాలు, మాలు అనండి. పెదవుల మీద మూడూ ఒక్కటే. క, గ, హ లాంటివి అసలు పెదవి మీదికే రావు, లోపలే పుట్టి లోపలే పోతాయి. ఇంట్లో అమ్మ మాటను పిల్ల పట్టుకుంటుందంటే, అమ్మ రోజూ అడిగేవి నాలుగు మాటలు కాబట్టి. అన్నం తిన్నావా, నీళ్ళు వచ్చినయా, తలుపు వేశావా. కెమిస్ట్రీ సారు అనే మాట ఆ పిల్ల జన్మలో చూడని మాట. చూడని మాటను పెదవి మీద ఎట్లా గుర్తుపడుతుంది? దానికి తోడు సారుకు గుబురు మీసం.

అయినా 1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిరుల చదువు మీద పెద్ద సభ పెట్టి, సైగలు వద్దు, నోటితో మాట్లాడించడమే చదువు అని తీర్మానం చేశారు. ఆ సభలో ఓటు వేసినోళ్ళు దాదాపు అందరూ చెవులు వినపడేవాళ్ళే. ఆ తీర్మానం పట్టుకుని దేశదేశాల స్కూళ్ళలో చేతులు కట్టేయించారు. మన దేశంలో కూడా బధిరుల స్కూళ్ళలో ఆ నీడ చాలా కాలం పడింది. సైగ చేస్తే వేళ్ళ మీద కొట్టే మాస్టర్లను తాను చూశానని ఆ రిటైరైన మాస్టారు చెప్పారు.

రెండోది కళ్ళ సంగతి. వినపడే పిల్లకు చెవి ఒక పక్క, కన్ను ఒక పక్క పని చేస్తాయి. సారు చెప్పేది వింటూ బోర్డు చూస్తుంది, బోర్డు చూస్తూ నోట్సు రాస్తుంది. వినపడని పిల్లకు అన్నీ ఒక్క కంటితోనే. సైగల దుబాసీని చూడాలి, అంటే సారు మాటను చేతులతో చెప్పే మనిషిని. బోర్డు చూడాలి. నోట్సు రాయాలి. ఒకటి చూస్తే రెండోది పోతుంది. మా వాడ పిల్ల చదివే కాలేజీలో దుబాసీ అసలు లేరు. "సారు బోర్డు వైపు తిరిగితే నా క్లాసు అక్కడ ఆగిపోతది" అని చేతులతో చెప్పింది.

ప్రయోగశాలలో ఇది ఇంకా గట్టిగా తగులుతుంది. రంగు ఖాతాలో పని చేసినోళ్ళు ఇది ఇట్టే పట్టుకుంటారు. గాజు గొట్టంలో నుంచి క్షారం ఒక్కో చుక్క కింద ఉన్న ఆమ్లంలో పడాలి. అందులో ఫినాఫ్తలీన్ అనే సూచిక వేసి ఉంటుంది, అప్పటిదాకా రంగు ఉండదు. ఒకానొక చుక్కకు లేత గులాబి వస్తుంది. అక్కడ ఆపాలి. ఒక్క చుక్క ఎక్కువైతే లెక్క తప్పినట్టే. ఆ సమయంలో పిల్ల కన్ను సీసా మీద ఉండాలి. సరిగ్గా అప్పుడే సారు వెనక నుంచి ఏదో చెబుతుంటారు. అటు తిరిగితే చుక్క పోయె, తిరగకపోతే మాట పోయె.

దీనికి మందు పెద్ద ఖర్చుది కాదు. చూపించేటప్పుడు చెప్పకూడదు, చెప్పేటప్పుడు చూపించకూడదు. ఒకదాని తర్వాత ఒకటి. రేపటి పాఠం నోట్సు ఇవాళే ఇస్తే పిల్ల రాసుకునే బాధ తప్పి కళ్ళు ఖాళీ అవుతాయి. బోర్డు మీద రాసేటప్పుడు నోరు మూసుకుని, రాశాక ఇటు తిరిగి చెప్పాలి. పిలవాలంటే లైటు రెండుసార్లు ఆర్పి వేయాలి. వీటిలో దేనికీ టెండరు పిలవనక్కర్లేదు. మిగతా పిల్లలకు కూడా పాఠం ఇంకాస్త బాగానే ఎక్కుతుంది.

మూడోదే అసలు ముడి. దుబాసీ వచ్చి నిలబడ్డా, సైన్సు మాటకు సైగ లేకపోతే ఏం చెబుతారు?

సైగ లేని మాటను వేళ్ళతో ఒక్కో అక్షరం చూపిస్తారు. మన దేశంలో ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాలను రెండు చేతులతో చూపిస్తారు. ఆకులు ఎండను పట్టుకుని తిండి చేసుకునే పనిని ఇంగ్లీషులో ఫొటోసింథసిస్ అంటారు, దానికి 14 అక్షరాలు. ఒక క్లాసులో ఆ మాట ఇరవైసార్లు వస్తే 280 సార్లు వేళ్ళు కదలాలి. ఈలోపు సారు ఆకు వదిలేసి వేరులోకి పోయి ఉంటారు. ఇంత చేసినా వచ్చింది మాట పేరే గానీ మాట అర్థం కాదు. మనకు రష్యా అక్షరాలు ఒక్కొక్కటే చూపించినట్టు.

ఇక తెలిసిన మాటలతో ఇంకో చిక్కు. పని అనే మాట చూడండి. గుడ్డ తాను నెత్తిన పెట్టుకుని గంటసేపు కదలకుండా నిలబడితే, మన లెక్కలో మెడ విరిగే పని. ఫిజిక్సు లెక్కలో అది సున్నా పని, ఎందుకంటే బరువు జరగలేదు. (ఈ లెక్క మిల్లు మేనేజర్లకు తెలియకపోవడం మన అదృష్టం.) దుబాసీకి ఈ తేడా తెలియక మామూలు పని సైగ చేస్తే పిల్ల మామూలు పనే అనుకుంటుంది. అట్లాగే సాంచా బెల్టును లాగేది బలం. కరెంటు బిల్లులో యూనిట్లుగా వచ్చేది శక్తి. మోటారు రేకు మీద హార్స్‌పవర్ అని ఉండేది సామర్థ్యం, ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. మూడూ వేరు. మూడింటికీ కలిపి కండ చూపించే ఒక్క సైగ చేస్తే ఫిజిక్సు అక్కడే ముగిసింది.

ఇది సైగ భాష లోపం అనుకోకండి. మన తెలుగులోనే బయాలజీ పుస్తకంలో కణం అంటే ఒంట్లో ఉండే జీవకణం, ఫిజిక్సు పుస్తకంలో కణం అంటే ఎలక్ట్రాను లాంటి నలుసు. ఒకే మాట పెట్టి ఇద్దరు బిడ్డలను పిలుస్తున్నాం. సైగలో అయితే ఈ రెండింటినీ విడదీయడం తేలిక. ఒకదానికి గోడ ఉన్న చిన్న గది, ఇంకోదానికి వేలికొన మీద చుక్క. ఇంకా చెప్పాలంటే కొన్ని చోట్ల సైగ నోటిమాటను మించిపోతుంది. ఘనం, ద్రవం, వాయువు అని నోటితో చెబితే మూడు పేర్లు. చేతులతో అయితే పిడికిళ్ళు పక్కపక్కనే ఒత్తుకుని వణుకుతుంటే ఘనం. ఒకదాని మీద ఒకటి జారుతుంటే ద్రవం. విడిపోయి తలో దిక్కు ఎగిరిపోతే వాయువు. ముసలోణ్ణి, నాలుగో తరగతి దాకా చదివినోణ్ణి, ఆ పిల్ల చేసి చూపిస్తే నాకే అర్థమైంది. ఆవిరి బాయిలరు పక్కన ఏళ్ళు గడిపినా లోపల ఏం జరుగుతుందో ఇంత బాగా ఎవరూ చెప్పలేదు.

ఇట్లాంటి సైగలు ఎవరు చెయ్యాలి? ఈ ప్రశ్నకు స్కాట్లాండులో ఒక దారి పడింది. అక్కడ ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో 2007 నుంచి సైన్సు మాటలకు సైగల నిఘంటువు కడుతున్నారు. ఫిజిక్సు, కెమిస్ట్రీ, బయాలజీ, లెక్కలు, ఇట్లా ఒక్కో శాస్త్రం ఎత్తుకున్నారు. 2023లో కాలుష్యం, వాతావరణం లాంటి వాటి మీద ఇంకో 200 దాకా మాటలు కలిపారు. దీని వెనక ఉన్నవాళ్ళలో ఆడ్రీ కామెరాన్ అనే ఆమె స్వయంగా బధిరురాలు, రసాయనశాస్త్రంలో డాక్టరేటు చేసిన మనిషి. పరిశోధన చేసే రోజుల్లో మీటింగులలో కూర్చున్నా అక్కడ ఏం మాట్లాడుతున్నారో తనకు అందేది కాదని ఆమె చెప్పింది. అంత చదువు చదివిన మనిషి పరిస్థితే అది.

వాళ్ళు పెట్టుకున్న పద్ధతి నాకు నచ్చింది. సైన్సు చదివిన బధిరులు, బధిర టీచర్లు, సైగ భాష చదివిన పండితులు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. మొదట మాట అర్థం తేల్చుకుంటారు. అర్థం తేలాక సైగ. ఒక కుటుంబానికి చెందిన మాటలకు సైగలలో కూడా పోలిక ఉండాలని చూస్తారు. ఉదాహరణకు ఇట్లా అనుకోండి. ఒక వస్తువులో ఎంత సరుకు ఉందో చెప్పే ద్రవ్యరాశికి ఒక పిడికిలి పెట్టామనుకుందాం. ఆ పిడికిలిని భూమి కిందికి లాగినట్టు చూపిస్తే బరువు. అదే పిడికిలిని రెండో చేత్తో గట్టిగా చుట్టి పడితే సాంద్రత. మూడు మాటలకూ ఉన్న చుట్టరికం పిల్ల కళ్ళ ముందే ఉంటుంది. పుస్తకంలో అదే చుట్టరికం వెతకాలంటే మూడు పేజీలు తిప్పాలి.

ఆఫీసులో కూర్చుని వినపడేవాళ్ళు పుట్టించిన సైగ నిలబడదని మాస్టారు గట్టిగా చెప్పారు. దుబాసీలు కూడా అవసరానికి ఒక సైగ కల్పిస్తుంటారు. వాళ్ళ తప్పు కాదు, ఏదో ఒకటి చెయ్యాలి గదా. కానీ ఈ దుబాసీ ఒకటి చేస్తే, వచ్చే నెల వచ్చే దుబాసీ ఇంకోటి చేస్తారు. ఒక్క మాటకు మూడు సైగలు అయి కూర్చుంటాయి. మగ్గం కాడ ఒక్కో జాబర్ ఒక్కో రకంగా బీము కట్టమంటే గుడ్డ ఏమవుతుంది?

ఇక్కడ ఒక మాట అడిగేవాళ్ళు ఉంటారు. ఇవన్నీ లేకుండానే చదివి పైకొచ్చినోళ్ళు లేరా అని. ఉన్నారు. జాన్ కార్న్‌ఫోర్త్ అని ఆస్ట్రేలియా మనిషి. పదేళ్ళప్పుడు చెవులు మందగించడం మొదలై ఇరవై ఏళ్ళు వచ్చేసరికి పూర్తిగా పోయాయి. సిడ్నీ విశ్వవిద్యాలయంలో చేరాడు, పాఠం చెవికి అందదు. పుస్తకాలు పట్టుకుని తనంతట తానే చదువుకున్నాడు, ప్రయోగాలు చేతితో చేశాడు. 1975లో కెమిస్ట్రీ నోబెల్ బహుమతి ఆయనకూ, వ్లాదిమిర్ ప్రెలాగ్‌కూ కలిపి ఇచ్చారు. ఆయన పరిశోధన అణువులు ఖాళీలో ఏ వైపు తిరిగి ఉంటాయి అన్న దాని మీద, మన కుడిచెయ్యి ఎడమచెయ్యి తేడా లాంటిది. రాకెట్టు ఎగిరే లెక్క 1903లో అచ్చువేసిన రష్యా మాస్టారు త్సియోల్కోవ్‌స్కీకి కూడా చిన్నప్పుడు జ్వరం వచ్చి వినికిడి దాదాపు పోయింది.

ఈ కథలు పిల్లలకు చెప్పండి, మంచిదే. కాలేజీవాళ్ళకు మాత్రం సాకుగా ఇవ్వకండి. కార్న్‌ఫోర్త్‌కు తోడుగా రీటా అనే ఆమె ఉంది. ఆమె కూడా కెమిస్టే. ప్రయోగశాలలో ఆమె గాజు కుప్పె విరిగితే ఆయన అతికించి ఇచ్చాడు, అట్లా పరిచయం. పెళ్ళి తర్వాత జీవితమంతా బయటి మనుషుల మాట ఆయనకు అందించింది ఆమే. పైగా ఆయన మాట నేర్చుకున్నాక వినికిడి పోయినవాడు, ఇంగ్లీషు ముందే వచ్చు. పుట్టుకతో వినపడని పిల్లకు ఇంగ్లీషూ, తెలుగూ, మరాఠీ అన్నీ పుస్తకంలో చూసి నేర్చుకోవాల్సినవే. ఆమె సొంత భాష సైగ. మన పిల్లలను తెలుగులో చదివించాలని ఈ ఊళ్ళలో తెలుగు బడుల కోసం మనం ఎన్నిసార్లు అర్జీలు పెట్టాం? అదే న్యాయం ఇక్కడ కూడా.

అడగకపోతే ఎక్కడా రాలేదు. గాలొడెట్‌ను 1864లో అబ్రహాం లింకన్ సంతకంతో కాలేజీ చేశారు. తర్వాత 124 ఏళ్ళ పాటు దానికి ఒక్క బధిర అధ్యక్షుడు లేడు. 1988 మార్చిలో మళ్ళీ వినపడే ఆమెనే నియమిస్తే విద్యార్థులు గేట్లకు అడ్డం పడి కాలేజీ మూయించారు. గేటు మూయడం అంటే ఏంటో 1982 చూసిన మనకు చెప్పాలా? వాళ్ళ సమ్మె మాత్రం వారం రోజుల్లో గెలిచింది. ఐ. కింగ్ జోర్డాన్ మొదటి బధిర అధ్యక్షుడు అయ్యాడు, పాలక మండలిలో సగానికి పైగా బధిరులే ఉండాలన్న డిమాండు కూడా ఒప్పుకున్నారు. అదే దేశంలో రోచెస్టర్ అనే ఊళ్ళో సాంకేతిక విద్య కోసం బధిరుల జాతీయ సంస్థ ఉంది. 1965లో చట్టం చేసి 1968లో పిల్లలను చేర్చుకున్నారు. అక్కడ వినపడే పిల్లలు, వినపడని పిల్లలు పక్కపక్కన కూర్చుని ఇంజనీరింగు, సైన్సు చదువుతారు. క్లాసులో దుబాసీ ఉంటారు, నోట్సు రాసిపెట్టే మనిషి వేరే ఉంటారు.

ఇక మన సంగతి. 2011 జనాభా లెక్కల్లో వినికిడి లోపం ఉన్నోళ్ళు 50 లక్షల పైన. 2015లో ఢిల్లీలో భారతీయ సైగ భాష పరిశోధన, శిక్షణ కేంద్రం పెట్టారు. వాళ్ళు 2018లో 3,000 మాటలతో నిఘంటువు తెచ్చి, 2021 నాటికి 10,000 చేశారు. చదువుకు సంబంధించిన మాటలు అందులో కొన్ని ఉన్నాయి. ఎన్‌సీఈఆర్‌టీ స్కూలు పుస్తకాలను సైగల్లోకి మార్చడానికి 2020లో ఒప్పందం జరిగింది. 2024 డిసెంబరులో పీఎం ఈ-విద్య కింద సైగ భాషకు 31వ నంబరు చానెల్ మొదలుపెట్టారు. ఇవన్నీ మంచివే. అయితే ఇవి ఎక్కువగా స్కూలు దాకా. కాలేజీలో బధిరుల కోసమే నడిపే డిగ్రీ క్లాసులు చూస్తే, చెన్నై ప్రెసిడెన్సీ కాలేజీలో బీకాం, బీసీఏ. తిరువనంతపురం నిష్ సంస్థలో కంప్యూటరు, కామర్సు, చిత్రలేఖనం. కామర్సు, కంప్యూటరు చిన్నవి అనను, ఆ చదువులతో ఉద్యోగాలు వచ్చినోళ్ళు ఉన్నారు. కానీ పిల్ల ఆశపడేది మందుల కంపెనీలోనో, నీళ్ళ పరీక్ష లాబులోనో పనికైతే? మాలాగా ఆమెను కూడా ఉన్న మగ్గానికే కట్టేస్తామా?

తలుపు కాలేజీ కంటే ముందే మూసుకుంటోంది, ఇది తల్లిదండ్రులు గట్టిగా చూసుకోవాలి. మహారాష్ట్ర బోర్డులో పదో తరగతికి దివ్యాంగ పిల్లలకు ఒక వెసులుబాటు ఉంది. సైన్సు బదులు శరీరశాస్త్రం, ఆరోగ్యం, గృహశాస్త్రం పేపరు రాయొచ్చు. లెక్కలకు బదులు తక్కువ తరగతి లెక్కలు రాయొచ్చు. నిజంగా అవసరమైన పిల్లలకు అది వరమే. కానీ చెవులు మాత్రమే వినపడక, బుర్ర చురుకుగా ఉన్న పిల్లకు కూడా స్కూలోళ్ళు పాస్ శాతం కోసం అదే ఫారం నింపిస్తున్నారు. నాన్న సంతకం పెట్టేస్తాడు, ఏం రాసి ఉందో చదవడు. పదకొండులో సైన్సు కావాలని పోతే అప్పుడు తెలుస్తుంది. మా వాడ పిల్ల తల్లికి చదువు రాదు. అయినా ఆ రోజు ఫారం ఇంటికి తెచ్చి పక్కింటి పిల్లాడితో చదివించుకుంది. సైన్సు పేపరే ఉంచమని కూర్చుంది. అందుకే ఆ పిల్ల ఇవాళ బీఎస్సీలో ఉంది.

చట్టం మన వైపే ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ, ప్రభుత్వ సాయం ఉన్న ఉన్నత విద్యా సంస్థల్లో 40 శాతానికి తగ్గని లోపం ఉన్నోళ్ళకు 5 శాతానికి తగ్గకుండా సీట్లు ఉంచాలి, వయసులో ఐదేళ్ళ సడలింపు ఇవ్వాలి. సైగ భాష వచ్చిన టీచర్లకు శిక్షణ ఇచ్చి పెట్టుకోవాలని కూడా అందులోనే ఉంది. యూడీఐడీ కార్డు ముందు చేయించుకోండి. కాలేజీలో నోటితో అడిగితే "చూద్దాం" అంటారు. కాగితం మీద రాసి ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. యూనియన్ ఆఫీసులో మనం నేర్చుకున్న మొదటి పాఠం అదే గదా. అక్కడ వినకపోతే ప్రతి రాష్ట్రంలో దివ్యాంగుల కమిషనర్ ఉంటారు, మహారాష్ట్రకు పుణెలో.

ఇంట్లో సంగతి కూడా ఒకటి. మనలో చాలామంది తల్లిదండ్రులు సైగ నేర్చుకోరు. సైగ చేస్తే పిల్లకు మాట రాదేమో అని భయం పెట్టినోళ్ళు ఉన్నారు. భాష లేకుండా ఇంట్లో పదేళ్ళు పెరిగిన పిల్లకు కాలేజీలో ఎంత గొప్ప దుబాసీని పెట్టినా ప్రయోజనం తక్కువ. మొదట నేర్చుకోవాల్సింది అమ్మా నాన్నా, తర్వాత అన్నదమ్ములు. మా వాడలో అయితే చెల్లెలు నేర్చుకుంది, నాన్న ఇప్పటికీ కేకలే వేస్తాడు.

ఆ పిల్ల మొన్న పెద్ద నోటుబుక్కు ఒకటి చూపించింది. పుణెలో, నాగపూరులో చదివే ఇద్దరు బధిర పిల్లలతో రాత్రిపూట ఫోనులో వీడియో పెట్టుకుని కెమిస్ట్రీ మాటలు ఒక్కొక్కటే తేల్చుకుంటున్నారు. ఎడమ పేజీలో మాట, అర్థం. కుడి పేజీలో చేతుల బొమ్మ. ఆమ్లం, క్షారం, బంధం, అవక్షేపం అయిపోయాయి. ఉత్ప్రేరకం కాడ ఆగారు, అంటే తాను ఖర్చు కాకుండా పక్కవాటి పనిని తొందర చేసే పదార్థం. పుణె అబ్బాయి వెనక నుంచి నెట్టినట్టు చెయ్యాలంటాడు. ఈ పిల్ల ఒప్పుకోదు, నెట్టడం కాదు, ఎక్కాల్సిన గుట్ట ఎత్తు తగ్గించినట్టు చెయ్యాలంటుంది. వాదన నాలుగు రోజులుగా నడుస్తోంది, ఆ పేజీ ఇంకా ఖాళీగానే ఉంది.